చెట్లూ కళల కమిటీ అధ్యక్షుల వారికి

ప్రియమైన అన్నయ్యకి,

క్షమించు, "గౌరవనీయులైన చెట్లూ కళల కమిటీ అధ్యక్షుల వారికి" అని మొదలుపెట్టాలేమో. మన ఇళ్ళ మధ్య ఉన్నది రెండు వీధులు. గట్టిగా పిలిస్తే వినపడుతుంది, నా గొంతు సంగతి నీకు తెలుసు. అయినా ఉత్తరం రాస్తున్నాను. కౌన్సిల్‌లో ఉన్నవాళ్ళు బంధువులతో వార్డు పనుల గురించి నోటిమాటగా మాట్లాడకూడదట, ఏదైనా రాతలోనే ఉండాలట, దాని నకలు ఫైల్లోకి వెళ్ళాలట. గుమాస్తా గారూ, నమస్కారం. మీరు చదువుతున్నారని తెలుసు.

నిబంధన సరే, నీ చాదస్తం కాకపోతే మా ఇంటికి రావడం కూడా మానేస్తావా? "దాంతో కూర్చుంటే ఐదు నిమిషాల్లో వార్డు మాట వస్తుంది" అన్నావట వదినతో. వస్తుంది మరి! రాకేం చేస్తుంది?

నిన్న ప్రజల ప్రశ్నల సమావేశంలో నన్ను చూసీ చూడనట్టు కాగితాల్లోకి తల దూర్చావు. నేనడిగిందేమిటి? కళామందిరం పక్కనున్న చెట్టు బెరడు పగిలి, జిగురు కారి, ఆకులెండిపోతున్నాయి, ఆ తెగులుకి మందేస్తారా, చెట్టు కొట్టేస్తారా అని. మీ ఉపాధ్యక్షుడు చదివిందేమిటి? "కళాభివృద్ధికి కౌన్సిల్ కట్టుబడి ఉంది" అని. పోనీ కళల గురించే అడుగుదామని, మందిరం తాళం ఎప్పుడు తీస్తారంటే, "మొక్కలు నాటే కార్యక్రమం వచ్చే ఏడాది" అన్నాడు. ఖర్చు కలిసొస్తుందని చెట్లనీ కళల్నీ ఒకే కమిటీలో పడేస్తే ఇలాగే ఏడుస్తుంది.

కొమ్మ విరిగి ఎవరి నెత్తిన పడుతుందోనని మందిరం మూశారు. ఆ తాళం కూడా నీ షాపుదే, నీ చేత్తో నువ్వే వేశావు. అప్పటినుంచి మా నాటకం రిహార్సళ్ళు మా ముందు గదిలో. రాజుగారు సోఫా ఎక్కి యుద్ధం ప్రకటిస్తుంటే మీ బావ వంటింట్లో నిలబడి భోంచేస్తున్నారు.

ఏడాదిపాటు వాడని మందిరాన్ని గోదాము చేసేస్తారట. వచ్చే నెలాఖరుకి ఏడాది నిండుతుంది. పెళ్ళికి ముందు నుంచీ నడుపుతున్న నాటక బృందం నాది. మందిరం పోతే బృందం పోయినట్టే. ఏం చేస్తావో చెప్పు.

నీ చెల్లెలు


ప్రియమైన గడుగ్గాయికి,

నీ ఉత్తరం అందింది, ఫైల్లో చేరింది. గుమాస్తా గారు ప్రతినమస్కారం చెప్పమన్నారు. "ఏడుస్తుంది" లాంటి మాటలు కాస్త తగ్గించమ్మా, పై అధికారులు కూడా చూస్తారు.

నువ్వనుకున్నంత తేలిక కాదు. ఒక చెట్టుకి మందెయ్యాలన్నా, కొట్టెయ్యాలన్నా మా కమిటీ కూర్చుని తీర్మానించాలి. చెట్టు ఏ వార్డులో ఉంటే ఆ వార్డు కళామందిరంలోనే కూర్చోవాలి, జనం ఎదురుగా. మంచి నిబంధనే. కానీ మీ మందిరానికి తాళం. తాళం ఎందుకు? చెట్టు వల్ల. చెట్టు సంగతి ఎందుకు తేలదు? తాళం వల్ల. వేరేచోట కూర్చుందామంటే, ఆ మార్పుని కూడా మేం ఆ మందిరంలోనే కూర్చుని ఆమోదించాలి. పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు.

ఒక్క దారి ఉన్నట్టుంది గానీ, అది అయ్యే పని కాదులే, వదిలెయ్.

నాకేం పట్టదనుకోకు. మూడుసార్లు ఓడిపోయి నాలుగోసారి గెలిచి ఈ కుర్చీలో కూర్చున్నాను. తాళాలు బాగుచేసుకునేవాడికి గిర్రున తిరిగే కుర్చీ, తలుపు మీద ఇత్తడి పలక! ఆ పలక చూపించడానికి మీ వదిన చుట్టాలందర్నీ ఆఫీసుకి తీసుకొచ్చింది. ఈ కుర్చీలో ఉంటేనే కదా ఎప్పటికైనా నీకు సాయం చెయ్యగలిగేది. కాస్త ఓపిక పట్టు.

బావకి ముందు గదిలో ఓ మూల చోటిప్పించు, పాపం.

నీ అన్నయ్య
అధ్యక్షుడు, చెట్లూ కళల కమిటీ


ప్రియమైన అధ్యక్షా,

అన్నయ్యా అని రాయబుద్ధి కావడం లేదు.

నేను ఓపిక పట్టాను, తెగులు మాత్రం ఓపిక పట్టలేదు. టైలరు షాపు ముందు చెట్టుకి పాకింది, రొట్టెల షాపు ముందు దానికీ పాకింది. కొత్తగా కుట్టిన బట్టల మీద జిగురు పడుతోందని టైలరు రోజూ నామీద విరుచుకుపడుతున్నాడు, "మీ అన్నయ్యేగా అధ్యక్షుడు" అని.

నిన్న మీ ఆఫీసు నుంచి నలుగురొచ్చారు. చెట్లకి మందేసేవాళ్ళేమో అని సంబరపడి టీ కూడా ఇచ్చాను. తీరా చూస్తే పెయింటర్లు! మందిరం మూసి ఉంది గనక ఈ ఏటి కళా కార్యక్రమం చెట్ల మీద జరుపుతున్నారట. తెగులు పట్టిన మానుల మీద పువ్వులూ చిలకలూ వేసి వెళ్ళారు. ఈ పొద్దున తెగుళ్ళ పరీక్షకి ఒకావిడ వచ్చింది. చిలక రెక్కని గోకి గోకి చూసి, "రంగు కింద ఏముందో కనపడ్డం లేదండీ" అని వెళ్ళిపోయింది. నేను నవ్వాలా, ఏడవాలా? ఫైల్లో ఏది రాస్తే బావుంటుందో నువ్వే చెప్పు.

ఆ రంగుల ఉత్తర్వు మీద సంతకం నీదే. చూశాను.

గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చావు. చిన్నప్పుడు నన్ను ఏడిపించారని పక్కవీధి పిల్లలందరితో కలబడి చొక్కా చింపుకుని వచ్చినవాడివి, ఇప్పుడు ఒక్క ఉపాధ్యక్షుడితో గట్టిగా మాట్లాడలేవా? నాకు సాయం చెయ్యడానికని చెప్పకు. నువ్వు కుర్చీ కోసం కుర్చీలో ఉన్నావు. అందులోనే హాయిగా తిరుగుతూ ఉండు. మా ఇంట్లో మాత్రం నీకు కుర్చీ లేదు.

ఇట్లు,
నీ వార్డులో ఒక మనిషి


ప్రియమైన అన్నయ్యా,

మూడు వారాలైంది, జవాబు లేదు. నేను రాసింది ఎక్కువే. ఆ ఉత్తరం ఫైల్లోంచి తీయించగలిగితే తీయించు. కంచం ముందు కూర్చుని రెండు ముద్దలకే లేచిపోతున్నావని వదిన చెప్పింది. ఒంట్లో బాగానే ఉందా?

మొన్న గాలికి పెద్ద కొమ్మ విరిగి మందిరం వరండా మీద పడింది. లోపల ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. మర్నాడు తలుపుకి నోటీసు అంటించారు. నెలాఖరు నుంచి అది కౌన్సిల్ వారి పాత కుర్చీల గోదాము. కుర్చీలే అన్నయ్యా! కోపంలో నేనన్న మాట తిరిగొచ్చి నాకే తగిలింది.

బుధవారం ప్రశ్నల సమావేశానికి నేను రావడం లేదు. అడిగి అడిగి విసుగొచ్చింది. ఆదివారం పొద్దున అందర్నీ ఇంటికి పిలిచాను, బృందం ఎత్తేస్తున్నానని చెప్పేస్తాను. రాజుగారి కిరీటం ఏం చెయ్యాలో తెలీక దాన్ని పట్టుకుని కూర్చున్నాను. చాలా ఏడుపొస్తోంది. ఈ ముక్క ఫైల్లో ఉండనీ.

చెల్లి


ప్రియమైన గడుగ్గాయికి,

ఈ ఉత్తరం ఫైల్లోకి వెళ్ళదు. "నకలు లేదాండీ?" అని గుమాస్తా గారు అడిగారు. లేదంటే మొహం చిన్నబుచ్చుకున్నారు.

సోమవారం రాజీనామా చేశాను.

ఒక్క దారి ఉందని రాసి, వదిలెయ్యమన్నానే, అది ఇదే. అధ్యక్షుడి కుర్చీ ఖాళీ అయితే, కొత్తవాణ్ణి ఎన్నుకునేదాకా కమిటీ పనులన్నీ కౌన్సిల్ చూడాలి. కౌన్సిల్ కూర్చునేది పెద్ద ఆఫీసులో, దానికి మీ మందిరంతో పని లేదు. ముడంతా నా కుర్చీ దగ్గరే ఉంది. రోజూ రాజీనామా రాసేవాణ్ణి, రోజూ చింపేసేవాణ్ణి. కుర్చీ కోసం కుర్చీలో ఉన్నావన్నావు చూడు, నిజం గనకే జవాబు రాయలేకపోయాను. కమిటీ ఒక్కటే వదిలితే నీతో మాట్లాడ్డానికి మళ్ళీ ఆ నిబంధన అడ్డొస్తుంది. అందుకని కౌన్సిల్ కూడా వదిలేశాను.

బుధవారం నీ బదులు నేను వరసలో నిలబడ్డాను. ఉపాధ్యక్షుడు నన్నెప్పుడూ చూడనట్టు, "మీరెవరు, ఏం చేస్తుంటారు?" అన్నాడు. తాళాలు బాగుచేస్తానని చెప్పి, నీ ప్రశ్నే అడిగాను. "కళాభివృద్ధికి కౌన్సిల్ కట్టుబడి" అని ఎత్తుకున్నాడు. ఆ జవాబు రాసిచ్చింది నేనేనే చెల్లీ! ఎదురుగా నిలబడి వింటే గానీ ఎంత మండుతుందో తెలీలేదు. "అడిగిందేమిటి, చెబుతున్నదేమిటి!" అని అరిచాను, అచ్చం నీలాగే. వెనకనుంచి టైలరు చప్పట్లు కొట్టాడు. చిలక రెక్క సంగతి చెబితే అందరూ నవ్వారు, నవ్వాక తలలు దించుకున్నారు. కౌన్సిల్ సభ్యులు అక్కడికక్కడే ఓటేశారు.

టైలరు చెట్టుకీ రొట్టెల షాపు చెట్టుకీ రంగు గీకించి మందేస్తారు, బతుకుతాయట. మందిరం చెట్టు బతకదు. ఆర్నెల్ల కిందట మందేసి ఉంటే నిలిచేదని తెగుళ్ళావిడ నా మొహం మీదే చెప్పింది. శనివారం కొట్టేస్తున్నారు. గొడ్డలి దాకా తెచ్చావన్నావు, తెచ్చాను. దానికి మాత్రం ఏ రాజీనామా సరిపోదు.

గోదాము నోటీసు చింపేశారు. మందిరం ఇక మీ బృందానిదే. ఆదివారం అందర్నీ ఇంటికి కాదు, అక్కడికి రమ్మను. తాళంచెవి కోసం దరఖాస్తు పెట్టుకుంటే వారంలో ఇస్తామన్నారు. తాళం ఏ షాపుదో మర్చిపోయినట్టున్నారు.

మీ వదిన ఒక రోజంతా గిన్నెల మీద కోపం చూపించింది. తర్వాత తనే వెళ్ళి ఇత్తడి పలక విప్పించుకొచ్చి, మీ రాజుగారి కోట తలుపుకి పనికొస్తుందేమో అడగమంది.

మందిరం తెరిచాక నేరుగా మీ ఇంటికే భోజనానికొస్తాను. ఎంత తిట్టాలన్నా నోటితోనే తిట్టు. నాకు కుర్చీ లేదన్నావు, గుర్తుంది. కింద కూర్చుంటాలే.

నీ అన్నయ్య
(తాళాలు బాగుచేయబడును)