ఆల్‌రైట్ చెప్పే మనిషి

నాన్నా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. పొద్దున్న బెల్తరా అనే ఊళ్లో పొలం సర్వేకి వెళ్తూ అమ్మనీ తీసుకెళ్లాను. డ్రోన్ తిరగాల్సిన దారిని ఫోన్‌లోని యాప్‌లో వేలితో గీశాను. ఎగరేసేముందు సరిచూసుకోవాల్సినవన్నీ అది వరసగా చూపిస్తుంది. నేను చెయ్యి చాచి ఒక్కొక్కటీ పైకి అరిచాను. "బ్యాటరీ?" "గాలి?"

ఎవర్ని అడుగుతున్నావని తోటి ఉద్యోగి హిందీలో అడిగి నవ్వాడు.

అతనికేం తెలుసు? రైలింజన్‌లో నువ్వు సిగ్నల్ చూసి చెయ్యి చాచి అరిస్తే, నీ అసిస్టెంట్ తిరిగి అరవాలి. క్వార్టర్‌కి తాళం వేసేటప్పుడూ నీది అదే పద్ధతి. నువ్వు "గ్యాస్?" అంటే, వంటింట్లోంచి అమ్మ "ఆల్‌రైట్!" అనాల్సిందే. ఇప్పుడు అడిగేవాళ్లు లేక, వేసిన తాళం మళ్లీ తీసి చూసుకుంటోంది.

యాప్‌లో చివరిది, సిగ్నల్ తెగిపోతే డ్రోన్ తిరిగొచ్చి దిగాల్సిన చోటు.

"హోమ్ పాయింట్?" అన్నాను.

"ఆల్‌రైట్!"

గట్టు మీద కూర్చున్న అమ్మ. ఏడాది తర్వాత, అదే గొంతుతో.

నేను ఫోన్ పట్టుకుని అమ్మ వైపు తిరిగాను.

"అలా సూస్తావేటే? మీ నాన్నయితే ఈపాటికి బండి తీసేసీవోడు."