బొట్టు కింద నంబరు

కాకినాడ, 2004. దసరా వెళ్ళాక మంగళవారం రాత్రి

రేపు మా రొయ్యల మేత కంపెనీకి ఆడిటర్లు వస్తున్నారు. లెక్కలు చూసేవాళ్ళయితే నాకు బెదురు లేదు. వీళ్ళు కంప్యూటర్లలోని సాఫ్ట్‌వేర్ కొన్నదో, దొంగదో తేలుస్తారట. అన్నీ కొన్నవే, కొన్నది నేనే. కానీ బిల్లు చాలదట. ప్రతి కంప్యూటరు పెట్టెకూ అంటించిన లైసెన్సు స్టిక్కరు మీది నంబరు కనబడాలట. కనబడకపోతే మేం దొంగల కిందే జమ.

పొద్దున్న నంబర్లు రాసుకుందామని కూర్చున్న ఆపరేటరు పద్మ కేక పెట్టింది. "మేనేజరు గారూ, నంబరేదండీ?"

ఉంటేగా! యజమాని రాజుగారు ఏటా ఆయుధపూజకి స్వహస్తాలతో గంధం, కుంకుమ సరిగ్గా ఆ స్టిక్కరు మీదే దిద్దుతారు. నల్ల పెట్టెకి ఆ తెల్లటి చోటే నుదురులా కనిపించింది కాబోలు. పద్మ తడిగుడ్డతో ఒకటి తుడిచింది. బొట్టుతోపాటు అంకెలూ పోయాయి. మిగతావి ముట్టుకోవద్దన్నాను.

రాజుగారికి చెబితే నవ్వారు. "దొంగసరుక్కి ఎవడన్నా పూజ చేస్తాడేంటండీ? ఆ మాటే చెప్పండి వాళ్ళకి."

అంతకంటే నిజం లేదు. అయినా దాన్ని వాళ్ళు ఏ గడిలో రాసుకుంటారు?

మొగల్తూరులో మా మేనమామ ఎద్దును ఎవరో తోలుకుపోతే, తర్వాత సంతలో కనబడింది. ఆయన సాక్షుల్ని పిలవలేదు. "ఒరే రాముడూ" అన్నాడంతే. అది తల తిప్పి చూసింది. సంతంతా ఒప్పుకుంది.

సాయంత్రం అందరూ వెళ్ళాక, ఆ తుడిచిన పెట్టె ముందు చాలాసేపు నిలబడ్డాను. దాన్ని ఏమని పిలవాలో తెలియలేదు.