మేతకు పెట్టే మేత

నవోమి అక్కకి,

మొన్న ఫోన్‌లో మన హేచరీ గాలి మోటారు హోరుకి నీకు సగమే వినబడినట్టుంది, అందుకే రాస్తున్నాను.

పండుగప్ప చేపపిల్లలు బాగానే మేస్తున్నాయి, పొట్టలు నిండుగా కనబడుతున్నాయి, అయినా తొట్టి మార్చగానే వెల్లకిలా పడి చచ్చిపోతున్నాయన్నావు. చేపనూనె అయిపోయిందని మీరు వాటికి మేతగా వేసే ఆర్టీమియా పురుగులు రెట్టింపు వేశారు కదా, తప్పు అక్కడే జరిగింది. ఆ పురుగు పొట్ట నింపుతుంది గానీ, సముద్రపు చేపపిల్లకి కావలసిన కొవ్వు దానిలో లేదు. చేపనూనెని గుడ్డుసొనతో పాలలా గిలక్కొట్టి, ముందురోజే ఆ పురుగుకి తాగించాలి. ఆ తర్వాతే దాన్ని పిల్లలకి వెయ్యాలి. ఆ పని ఎప్పుడూ నేనే చేసేదాన్ని, అందుకే ఆ నూనె ఎందుకో మీకు తెలీలేదు. నూనె వచ్చేదాకా పిల్లల్ని తొట్టి మార్చొద్దని రాబిన్ బావగారికి గట్టిగా చెప్పు. మనకి మిగిలింది ఈ ఒక్క బ్యాచే కదా.

ఇక్కడ అమీర్‌పేటలో జావా క్లాసుకి మెట్లమీద కూడా కూర్చుంటున్నారు. రోజూ నా పక్కన కూర్చునే అమ్మాయి పేరు నాకింకా తెలీదు. ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఒకే గదిలో ముగ్గురం ఉంటాం, ముగ్గురం గోడవైపు తిరిగి పడుకుంటాం. వంటచేసే యాదమ్మ మాత్రం, "జర తిను బిడ్డా, గిట్ల బక్కగైతున్నవేంది?" అంటూ మళ్ళీ వడ్డిస్తుంది. వద్దనకుండా అంతా తింటాను. వచ్చిన కొత్తలో పంజాగుట్టలో కుట్టించుకున్న చుడీదార్ అప్పుడే వదులైపోయింది.

అమ్మ అడిగితే, కడుపునిండా తింటున్నానని చెప్పు. అది అబద్ధమేమీ కాదు.

నీ చెల్లెలు