గడప కింద గాలి

నవంబరు 3, సోమవారం
మధ్యాహ్నం, భోజనాల వేళ

గౌరవనీయులైన పక్కింటివారి అమ్మాయికి,

నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం, గోడలు తప్ప. మీ ఊళ్లో నువ్వూ మీ ఆయనా క్షేమమేనని తలుస్తాను. పెళ్లయిందన్న సంగతి మెట్ల మీద ఎవరో అనుకుంటుంటే విన్నాను. ఫోను చేద్దామంటే నా నంబరు ఎప్పుడో ఆపేశావు. అందుకే ఈ కాగితం. చించి పారేస్తే పారెయ్, కానీ చదివి చించు.

విషయం ఏమిటంటే, మీ అమ్మగారు నా పని చెడగొడుతున్నారు.

మన బ్లాకుకి ఇన్నాళ్లకి మోక్షం వచ్చింది. గృహసంస్థ వాళ్లు మరమ్మతు మొదలుపెట్టారు. బయటి గోడలకి చలి ఆపే మందపాటి పలకలు అంటిస్తున్నాం, కిటికీలకి రెండు పొరల అద్దాలు వేస్తున్నాం, సందులన్నీ పూడుస్తున్నాం. ఇంట్లోనే స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని, కాళ్లు దుప్పట్లో పెట్టుకుని చదువుకున్నాం కదా మనిద్దరం, ఆ రోజులు పోతాయి. కరెంటు సగం కాలితే చాలు, ఇల్లు వెచ్చగా ఉంటుంది. "అంటిస్తున్నాం" అని ఎందుకన్నానంటే ఆ ముఠాలో నేనూ ఉన్నాను. నాకెవరూ నేర్పలేదు. పెట్టెల్లో వచ్చే కాగితాలు మిగతావాళ్లు చింపి పారేస్తుంటే ఏరుకుని చదివాను. అర్థం కానిది ఫోనులో చూశాను. ఇప్పుడు నిచ్చెన మీద నన్ను మించినవాళ్లు లేరు. గొప్ప కాదు, నిజం.

పని అయ్యాక ఒక పరీక్ష ఉంటుంది. వాకిట్లో గుడ్డ చట్రం బిగించి పెద్ద ఫ్యాను పెట్టి ఇంట్లో గాలి బయటికి లాగుతారు. ఎక్కడ సందు ఉంటే అక్కడినుంచి గాలి బుసకొడుతూ లోపలికి వస్తుంది. మన అంతస్తులో అన్ని ఇళ్లూ గట్టెక్కాయి, రెండు తప్ప. ఒకటి మాది, రెండోది మీది. కారణం ఒక్కటే. మన రెండు వంటిళ్ల మధ్య గోడలో, సింకు కింద, ఒక కంత ఉంది. గుర్తుందా? గొడవ జరిగిన ఏడాది, నీళ్లు ఎవరి పైపులోంచి కారుతున్నాయో చూస్తానని ప్లంబరు పగలగొట్టి, ఏమీ దొరక్క, పూడ్చకుండా పోయిన కంత.

నేను పూడ్చాను. మర్నాటికి ఎవరో గీకేశారు. మళ్లీ పూడ్చాను. మళ్లీ గీకేశారు. ఎలుక అనుకున్నాను. కానీ ఎలుక చెంచాతో గీకదు కదా, చెంచా గీతలు నాకు తెలుసు.

మా మేస్త్రీ ఉన్నాడు, నోరు తెరిస్తే వీధి చివరిదాకా వినపడుతుంది, అందుకే మేమంతా సైరన్ అంటాం. అందరి ముందూ అన్నాడు, మీ ఇంటి కంతే పూడ్చలేనిదానివి, ఊళ్లోవాళ్ల ఇళ్లేం పూడుస్తావు అని. వచ్చే వారం శుక్రవారం మళ్లీ పరీక్ష. ఈసారి కూడా తప్పితే అవతలి బ్లాకుల పనికి నన్ను తీసుకోడట. ఈ పని తప్ప నాకు ఇంకోటి రాదు, ఇంకోటి అక్కర్లేదు కూడా.

కాబట్టి మీ అమ్మగారికి చెప్పు. మా మీద కోపం ఉంటే మా మీద తీర్చుకోమను, గోడ మీద కాదు.

ఇట్లు,
పక్కింటి అమ్మాయి


నవంబరు 11, మంగళవారం
పొద్దున్న, పనికి వెళ్లబోయే ముందు

కొంగా,

నీ ఉత్తరం అందింది. ఉత్తరం అనడానికి అందులో ఉన్నది ఒక్క వాక్యం. మా అమ్మ అలాంటిది కాదు, ముందు మీ అమ్మని అడుగు అని రాశావు. చదివి గోడకేసి కొట్టాను. ఇప్పుడు ఆ కాగితాన్ని సాపు చేసి ఎదురుగా పెట్టుకుని రాస్తున్నాను. ఎందుకో విను.

నిన్న చేతి తొడుగులు మర్చిపోయి పని మధ్యలో ఇంటికొచ్చాను. తలుపు తీసేసరికి వంటింట్లోంచి నవ్వు. మా అమ్మ నవ్వు. ఒంటరిగా ఉన్న మనిషి ఎందుకు నవ్వుతుందే? వెళ్లి చూద్దును కదా, సింకు కింద అల్మారా తలుపు తెరిచి, పీట వేసుకుని, తల లోపలికి పెట్టి కూర్చుంది. పొయ్యి మీద ఏదో మాడుతోంది, పట్టించుకోవట్లేదు. ఇంతలో గోడలోంచి మీ అమ్మ గొంతు. వదినా, నీ పొయ్యి మీద మాడుతోంది, నాకిక్కడ కంపు కొడుతోంది, లేచి కట్టెయ్యి అని.

వదినా అట! మెట్ల మీద ఎదురైతే ఒకరు పైకి చూస్తారు, ఒకరు కిందికి చూస్తారు. చెత్త బుట్టల దగ్గర ఒకరు వెళ్లేదాకా ఇంకొకరు రారు. ఏడేళ్ల నుంచి మనందరి ముందూ ఈ నాటకం. తలుపులు మూసుకున్నాక మాత్రం గోడలో వదినలు.

నేను అక్కడే నిలబడిపోయాను. తప్పే, కానీ నిలబడ్డాను. మా అమ్మ అడుగుతోంది, కొంగకి దగ్గు తగ్గిందా, వాళ్ల గదిలో ఆ తడి గోడ వైపు మంచం వేసుకోవద్దని చెప్పు అని. నీకు దగ్గని నాకు తెలీదు. నా సొంత తల్లికి తెలుసు, నాకు తెలీదు. ఆ తర్వాత మీ అమ్మ, నీ కందిరీగ సరిగ్గా తింటోందా, నిన్న కిటికీలోంచి చూశాను, నిచ్చెన చివరి మెట్టు మీద ఒంటికాలి మీద నిలబడింది, నా గుండె ఆగిపోయింది, నేనన్నానని చెప్పకుండా తిట్టు అంది. పోయిన వారం మా అమ్మ నన్ను నిచ్చెన విషయంలో ఎందుకు తిట్టిందో అప్పుడర్థమైంది. తిట్లు కూడా ఆ కంతలోంచే వస్తున్నాయన్నమాట.

అప్పుడు నాకు ఒళ్లు మండి, చెంచా గీతలు ఎవరివో ఇప్పుడు తెలిసింది అని అరిచాను. మా అమ్మ తల అల్మారాకి కొట్టుకుంది. కంతలోంచి మీ అమ్మ, దెబ్బ తగిలిందా వదినా అని. ఇద్దరూ దొరికిపోయారు. గీకింది మా అమ్మే. మీ అమ్మ అటువైపునుంచి సాయం పట్టింది. నీ ఒక్క వాక్యం సగం నిజం, సంతోషించు.

ఆ కంత మూయక తప్పదని చెప్పాను. పరీక్ష ఒక్కటే కాదు, రేపు ఒకరింట్లో నిప్పంటుకుంటే రెండో ఇంట్లోకి పొగ దూరే దారి అది. అంతగా కబుర్లు కావాలంటే తలుపు కొట్టుకుని వెళ్లండి, నాలుగడుగులు లేదు అన్నాను. దానికి మా అమ్మ ఏమందో తెలుసా? వాళ్ల గడప తొక్కనని ఒట్టేశాను కానీ వదినతో మాట్లాడనని వేశానా అంది. గోడలోంచి మీ అమ్మ, నేనూ అంతే అంది. ఒట్టు తీసి గట్టు మీద పెట్టండి అన్నాను. ఎవరి తల మీద వేశామో తెలుసా అంది మా అమ్మ. తను నా తల మీద, మీ అమ్మ నీ తల మీద. గడప తొక్కితే నా తల పగిలిపోతుందా, నాకు హెల్మెట్టు ఉంది కదా అన్నాను. నవ్వలేదు. ఇద్దరిలో ఒక్కరూ నవ్వలేదు.

ఇంకో మాట. గొడవ దేనికొచ్చింది? ఆ మూల గోడ చెమ్మగిల్లి నల్లబడితే మీ పైపు కారుతోందని మా వాళ్లు, మీరు ఇంట్లో బట్టలు ఆరేస్తున్నారని మీ వాళ్లు. ఆ మాట మీద మాట పెరిగి మన దాకా వచ్చింది. పోయిన నెల ఆ గోడ నేనే చెక్కాను. పైపు పొడిగా ఉంది, ఎండుటాకులా. ఏ పైపూ ఎప్పుడూ కారలేదు. చల్లటి గ్లాసు బయట నీళ్లు పడతాయి చూడు, అంతే. బయటి గోడ చల్లగా ఉంది, రెండు వంటిళ్ల ఆవిరి దానికి తగిలి నీరయింది. ఈ సంగతి చెప్పాను. గోడలోంచి మీ అమ్మ, అయితే వదినా, ఇన్నేళ్లూ మనం ఆవిరితో పోట్లాడామా అంది.

అయినా ఒట్టు ఒట్టేనట.

శుక్రవారం పరీక్ష. ఆ కంత నేను మూస్తే మా అమ్మకి మాట్లాడే మనిషి పోతుంది. మూయకపోతే నా పని పోతుంది. ఎవరి మీద కోప్పడాలో తెలీక నీకు రాస్తున్నాను. ఎప్పుడూ అంతేగా.

కందిరీగ


నవంబరు 17, సోమవారం
పనయ్యాక, మెట్ల మీద కూర్చుని

ఒసేయ్ కొంగా,

ముందు నీ దగ్గు సంగతి రాయి. ఆ తడి గోడకి దూరంగా మంచం జరిపావా లేదా? జరపకపోతే నేనొచ్చి జరుపుతాను.

నీ రెండో ఉత్తరంలో అడిగావు కదా, మూశావా అని. మూశాను. గురువారం పొద్దున్న, మా అమ్మ చూస్తుండగానే. నిప్పుకి తట్టుకునే ముద్ద కూరి, పైన గట్టిగా మెత్తాను. మీ వైపుకి వేరే మనిషిని పంపాను, మీ అమ్మ మొహం చూడలేక. ఆ రోజంతా మా ఇంట్లో ఎంత నిశ్శబ్దమో! కొత్త కిటికీల పుణ్యమా అని వీధి చప్పుడు కూడా రాదు. మా అమ్మ వంట చేసింది, పొయ్యి మీద ఏదీ మాడలేదు. ఇంత మంచి పని చేసి ఇంత దరిద్రంగా ఎప్పుడూ అనిపించలేదు.

అదే రోజు సాయంత్రం వడ్రంగి బాబాయి మన రెండు వాకిళ్ల దగ్గరికీ వచ్చాడు. పాత తలుపుల కింద సందులోంచి గాలి కొడుతోంది, చెమ్మకి గడపలు అడుగున పుచ్చిపోయాయి, తీసేయకపోతే పరీక్ష నెగ్గవని పరీక్ష చేసే ఆవిడ చెప్పిందని నేను అందరికీ చెప్పాను. రెండు గడపలూ గడ్డపారతో పెకలించాం. వాటి చోట నేలకి సమంగా ఒక సన్నటి లోహపు పట్టీ, మీద రబ్బరు. తలుపు వేస్తే కాగితం కూడా దూరదు.

శుక్రవారం రెండిళ్లూ నెగ్గాయి. ఫ్యాను ఎంత లాగినా ఎక్కడా బుస లేదు. సైరన్ మొహం చూడాలి నువ్వు. ఊరికే మెచ్చుకోలేడు కదా, సరే ఏడవకు, సోమవారం అవతలి బ్లాకుకి వచ్చెయ్ అన్నాడు. నేను ఏడవలేదు.

వాళ్లు సామాన్లు సర్దుకుని వెళ్లాక మా అమ్మని వాకిట్లోకి పిలిచాను. అమ్మా, నువ్వు ఏ గడప తొక్కనని ఒట్టేశావు అని అడిగాను. పక్కింటి గడప అంది. చూపించు అన్నాను. చూసింది. వంగి చూసింది. ఈ లోపల మీ అమ్మ తలుపు తెరుచుకుంది. తను ముందే చూసినట్టుంది, చేతిలో గిన్నె సిద్ధంగా ఉంది. గొడవకి ముందు మా ఇంటినుంచి తీసుకెళ్లిన గిన్నె అది, ఇంతకాలం తోమి దాచిందట. మా వాకిట్లో ఆగి, కాలి బొటనవేలితో ఆ పట్టీని తాకి, ఇది గడపేనంటావా అని అడిగింది. మా అమ్మ కాసేపు ఆలోచించి, గడపంటే కొయ్య, ఇది పట్టీ అని తీర్పు చెప్పింది. మీ అమ్మ నా తల వైపు ఒకసారి, మీ ఊరున్న దిక్కు వైపు ఒకసారి చూసి, కళ్లు మూసుకుని అడుగేసింది. నీ తల ఎలా ఉంది? నాది బాగానే ఉంది.

కుర్చీ వేయడం, మంచినీళ్లివ్వడం ఏమీ లేవు. మా అమ్మ తనని సరాసరి సింకు దగ్గరికి తీసుకెళ్లి, అల్మారా తెరిచి, మూసిన చోటు చూపించింది. అత్తయ్య దాన్ని వేలితో నొక్కి చూసింది. ఇద్దరూ కలిసి నన్ను తిట్టారు, ఆడపిల్లవై ఉండి ఇంత గట్టిగా పూడుస్తారటే అని. చూశావా, మీ అమ్మని మళ్లీ అత్తయ్య అని రాసేశాను. కొట్టేయను, ఉండనీ.

ఆ సాయంత్రం ఏదో మాడింది.

ఉంటాను. అవతలి బ్లాకులో గోడలన్నీ మన పాత మూల గోడలాగే ఏడుస్తున్నాయి. ఒక్కొక్కటీ ఆరబెట్టుకుంటూ పోవాలి.

ఎప్పటికీ నీ
కందిరీగ

తా.క. ఇది నీ ఒక్కదానికే, చదివాక నిజంగా చించెయ్. గడపలు పుచ్చలేదు. పరీక్ష చేసే ఆవిడ గడపల గురించి ఒక్క మాట అనలేదు. తలుపు అడుగున ఒక రబ్బరు పట్టీ కొడితే సరిపోయేది. బాబాయి సుత్తితో తట్టి చూసి, పిచ్చిపిల్లా, ఇది ఇంకో తరం నిలుస్తుంది, ఎందుకు తీయిస్తున్నావ్ అన్నాడు. చెప్పాను. ఆయన గడ్డపార అందుకున్నాడు. మంచి వస్తువు పారేస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది, నీకు తెలుసు. అందుకే రెండు గడపలూ పనిముట్ల గదిలో గోనెపట్టా చుట్టి దాచాను. నువ్వు వెళ్లిపోయిన రోజు మా వాకిట్లో నిలబడి, ఈ గడప మళ్లీ తొక్కను అన్నావు, తొక్కకు పో అన్నాను నేను. ఇప్పుడు తొక్కుదామన్నా అది అక్కడ లేదు. ఆ కొయ్యతో ఏం చేయించాలో నువ్వే వచ్చి చెప్పు. వచ్చేటప్పుడు వాకిట్లో చూసుకుని అడుగెయ్, కొత్త పట్టీ కొంచెం జారుతుంది.