కిటికీ కోసం నోరు కట్టేసుకున్నాను

సోమవారం, పొద్దున

చెప్పేది నేను. రాసేది మా కోడలు. నాకు అక్షరం ముక్క రాదు కాబట్టి ఇందులో తప్పులుంటే దానివే.

మా మేడ పక్కగోడ మీద పెద్ద బొమ్మ వేయిస్తున్నారు. ఆ గోడకు ఒకే ఒక్క కిటికీ. మూడో అంతస్తులో, నా గదిది. బొమ్మకు అడ్డం, ఇటుకలు పెట్టి మూసేద్దామన్నాడు మా మేడ కమిటీ ప్రెసిడెంటు. అడ్డం బొమ్మకు కాదు, ఆయనకు. అందులోంచి నేను కడిగిపారేయని మనిషి ఈ వీధిలో లేడు. మోకాళ్లు అరిగి మెట్లు దిగడం మానేశాక గాలీ వెలుతురూ లోకమూ నాకు ఆ కిటికీయే.

మా వాడు కాళ్లావేళ్లా పడి రాజీ కుదిర్చాడు. బొమ్మ పూర్తయ్యేదాకా నా మీద ఒక్క ఫిర్యాదు కూడా రాకపోతే కిటికీ ఉంటుంది. ఈ డైరీ నా సాక్ష్యం.

ఈ క్షణం నుంచి నోరెత్తను. రాతి మీద గీత!

సాయంత్రం

ఎత్తలేదు. పాలవాడు ఆలస్యంగా వచ్చాడు. చూశాను, అంతే. వాడే బెదిరిపోయి, మామ్మకు ఒంట్లో బాగుందా అని కోడలిని రెండుసార్లు అడిగి వెళ్లాడు.

మంగళవారం

లిఫ్టు వచ్చింది. బండి మీద పొడుగాటి ఇనుప చెయ్యి, దాని చివర బుట్ట. బుట్టలో నడుముకు బెల్టు కట్టుకున్న బొమ్మలమ్మాయి. కింద మీటలు చూసుకునే డ్రైవరు.

మాకు లిఫ్టు పెట్టించమని ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నాం. గోడకు మాత్రం తెప్పించారు. ఈ మాట పైకి అనలేదు, రాయిస్తున్నాను. రాయించడం నోరెత్తడం కిందికి రాదు.

బుధవారం

గోడంతా ఒక ముసలిదాని మొహమట. పెదాలు బిగించి చిరునవ్వు. నా కిటికీ సరిగ్గా ఆ పెదాల మధ్య. తలుపులు మూయించి వాటి మీద కూడా ఎర్ర రంగు పూస్తారట. ప్రెసిడెంటు కింద నిలబడి, "ప్రశాంతంగా ఉండాలి, ప్రశాంతంగా" అంటున్నాడు. బొమ్మ గురించో, నా గురించో.

పళ్లు కొరుక్కున్నాను. ఉన్నవి నాలుగే.

గురువారం

ఎదురింటావిడ నా కిటికీ కిందే చెత్త పోసింది. దగ్గాను. కాస్త గట్టిగా దగ్గాను. మధ్యలో ఒకటీ అరా మాటలు దొర్లాయి.

"అత్తయ్యా, 'నీ మొహం మండ' అనేది దగ్గులోకి వస్తుందా?" అంది కోడలు.

వస్తుంది. రాయి.

శుక్రవారం

బరువు ఎక్కువైతే ఆ బుట్ట కుయ్యోమని అరుస్తుంది. అరిచి, కదలనని మొండికేస్తుంది. ప్రెసిడెంటు చెవులు మూసుకున్నాడే గాని దాన్ని ఒక్క మాట అనలేదు. ఇనుప బుట్టకున్న హక్కు నాకు లేకపోయింది.

శనివారం

జరిగింది జరిగినట్టు చెబుతాను. నా కుట్టుమిషను బాగుచేతకు పోవాలి. మా వాడు రేపు, మాపు అంటాడు. గట్టిగా అడిగితే నోరెత్తినట్టు. ఎదురుగా బుట్ట ఉంది, ఎలాగూ కిందికే పోతుంది. బొమ్మలమ్మాయి అటు తిరిగి రంగు కలుపుకుంటుంటే మిషను ఎత్తి కిటికీలోంచి బుట్టలో పెట్టాను. నాకు పోయినవి మోకాళ్లు, చేతులు కాదు.

బుట్టలో అప్పటికే నిండా రంగు డబ్బాలు. కుయ్యోమని ఆగిపోయింది. మిషను వెనక్కి లాక్కున్నా కదల్లేదు. కింద తాళం తిప్పాలట. తాళంచెవి డ్రైవరు జేబులో, డ్రైవరు రోడ్డవతల టీ కొట్లో. ఆ అమ్మాయి ఎంత పిలిచినా గొంతు రోడ్డు దాటలేదు.

నాకు మూరెడు దూరంలో, ఎటూ పోలేని మనిషి. నా కడుపులో వారం రోజుల మాటలు. ఇందులో నా తప్పేముంది?

ముందు బొమ్మ ముక్కు గురించి చెప్పాను. తర్వాత ప్రెసిడెంటు గురించి. తర్వాత ప్రెసిడెంటు తండ్రి గురించి. చివరికి అడిగాను.

"ఇన్ని ముడతలు పడ్డ మొహానికి నోరు మూసుకుని నవ్వేంత సుఖం ఎక్కడిదే?"

ఆ అమ్మాయి కుంచె పక్కన పెట్టి, "ఇంకా చెప్పండి మామ్మగారూ" అంది.

ఎండ దాని నెత్తి మీదికొచ్చింది. ఇక లాభం లేదని కిటికీలోంచి సగం బయటికి వంగి ఒక్క కేక వేశాను. డ్రైవరు గ్లాసుతో సహా పరిగెత్తుకొచ్చాడు. వెనకాలే టీ కొట్టంతా వచ్చింది.

సాయంత్రం. ఫిర్యాదులు ఏడు. ప్రెసిడెంటువే మూడు. రేపు ఇటుకలు.

ఆదివారం

పొద్దున్నే బుట్ట నా కిటికీ చుట్టూ తిరిగింది. నా కిటికీ ఆనవాలే చెరిపేస్తున్నారనుకున్నాను. తాపీమేస్త్రి సిమెంటు గమేళాతో గదిలోకి వచ్చాడు. కిటికీ రెక్క పట్టుకుని నిలబడ్డాను. నోట మాట రాలేదు. ఈసారి నిజంగానే.

అంతలో మా వాడు రొప్పుతూ వచ్చి మేస్త్రిని ఆపాడు. బొమ్మలమ్మాయి ప్రెసిడెంటును రోడ్డవతలికి తీసుకెళ్లి గోడ చూపించిందట. బొమ్మ పెదాలు విడిపోయి ఉన్నాయట. నోరంతా తెరిచి అరుస్తోందట. పళ్లు నాలుగే. గొంతు ఉండాల్సిన చోట నా కిటికీ.

"బుట్టలో ఉంటే తెలియలేదండీ. నిన్న దిగొచ్చి ఇక్కణ్ణుంచి చూస్తే నోటికి పట్టీ వేసినట్టుంది. ఇప్పుడు ఇటుకలు పెడితే గుడ్డలు కుక్కినట్టుంటుంది" అందట.

అప్పటికే జనం ఫొటోలు తీసుకుంటున్నారు. ఎదురింటావిడైతే అచ్చం నేనేనని చప్పట్లు కొట్టిందట. ప్రెసిడెంటుకు మేస్త్రిని వెనక్కి పిలవక తప్పలేదు.

సోమవారం

కిటికీ నిలిచింది. మాట నిలబెట్టుకోలేదన్న మచ్చ నాకెందుకు? మళ్లీ మొదలు. ఈ క్షణం నుంచి నోరెత్తను. రాతి మీద గీత. కోడలు పిల్లా, రాశావా?

కింద ఎవడో గేటుకు అడ్డంగా బండి పెడుతున్నాడు.

'రేపటి నుంచి' అని మార్చు. మార్చి, ఆ కిటికీ తియ్యి.