సగటు తప్పలేదు

దేవరకొండ, నవంబరు, మంగళవారం

మా రెండు చెలకల మధ్య గట్టు మీద ఇద్దరం కలిసి బోరు వేయిస్తూ, నీళ్లు పడితే చెరిసగమని నా తోడల్లుడు యాదగిరి చెయ్యి పట్టుకుని మాట ఇచ్చాడు. నీళ్లు పడ్డాక గట్టు కొలిపించి, బోరు తన వైపే ఉందన్నాడు. అతనిది బత్తాయి తోట అయింది. నాది ఇప్పటికీ ఎండు చెలకే.

సర్కారు కులగణన కోసం ఏ కులానికి ఎంత ఆదాయమో రాసుకుంటున్న టీచరమ్మ ఇవాళ అతని ఇంట్లోంచి నేరుగా మా ఇంటికి వచ్చింది.

"అవతలింట్ల ఎంత రాసుకున్నవు బిడ్డా?" అన్నాను.

"గది చెప్పొద్దు తాతా. నీది చెప్పు."

అతని కంటే తక్కువ పడటం ఇష్టం లేక, లేని బర్రెలను కూడా కలిపి ఏడాదికి ఆరు లక్షలన్నాను.

సాయంత్రం చాయ్ హోటల్లో అతనే నవ్వుతూ చెప్పాడు. "నేను లక్షే రాయించిన అన్నా. ఎక్కువ జెప్తే పింఛన్ బంద్ జేస్తరు గద! నువ్వెంత జెప్పినవ్?"

"గంతే" అన్నాను.

ఇన్ని పుస్తకాలు చదివినవాణ్ణి, సగటు సంగతి నాకు తెలుసు. నిజంగా అతనికొచ్చే ఆరు లక్షలు నా పేరున, నాకొచ్చే ఒక లక్ష అతని పేరున పడ్డా మా కులం సగటు మారదు. సర్కారు లెక్కకు ఏ లోటూ లేదు. ఆగితే నా పింఛనే ఆగుతుంది, దానితోనే నా బీపీ మందులు. అబద్ధం ఆడింది నేనే, ఒప్పుకుంటాను. ఆడించింది మాత్రం యాదగిరి.