కొమ్మ కట్టిన తాడు

పీలమేడు,
12 ఆగస్టు 1954

అక్కయ్య తిలకవతికి తమ్ముడు కేశవన్ నమస్కరించి రాసేది. ఎప్పుడూ నీ పేరు ముందు పెట్టే ‘మహాలక్ష్మీ సమానురాలైన’ అన్న మాట రాయబోయి ఆగాను. దాని బదులు ఇప్పుడు రాయవలసిన మాటకు చెయ్యి రాలేదు. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. కంబంలో మీ అత్తవారింట్లో నువ్వూ పిల్లా క్షేమమని తలుస్తాను.

అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు. మిల్లులో బావ మెషిను దగ్గర కొత్తవాణ్ణి పెట్టారు. నేను ఆ వరసలో నడవడం మానేశాను. బావ సామాన్లన్నీ చేరాయి కానీ కొండ దిగేటప్పుడు కొమ్మ కట్టే తాడు లేదన్నావు. దాని సంగతి చివర రాస్తాను.

సైకిలు కొట్టు చెల్లప్ప క్షమాపణ అడిగాడా అన్నావు. వచ్చాడు.

“కొత్త తీగే వేసినానమ్మా. ఎట్ల తెగెనో తెలీలే” అని వాకిట్లో నిలబడి ఏడ్చాడు.

అమ్మ మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. అతను వేసిన బ్రేకే బావను చంపిందని ఊరంతా అంటోంది. ఇప్పుడు అతని కొట్టుకు ఎవరూ సైకిలు తీసుకుపోరు. శుక్రవారం మూసేసి అన్నూరు వెళ్ళిపోతాడట.

అక్కా, తప్పు చెల్లప్పది కాదు.

ఆ రోజు కూనూరు నుంచి దిగేటప్పుడు బావ ఎప్పటిలాగే చెట్టుకొమ్మ నరికి క్యారియరుకు కట్టాడు. కొమ్మ రోడ్డు మీద ఈడ్చుకొస్తుంటే బండి పరుగెత్తదు, బ్రేకు మీద భారం పడదు. సాయంత్రం సైరను మోగేలోగా నేను షిఫ్టుకు చేరాలి. బర్లియార్ దగ్గర నా సైకిలు దిగి నేనే బావను ఆపాను.

“బావా, ఈ మాదిరి పోతే మిల్లు సంగు ఊదేస్తారు. గేటు మూస్తే నేనేం చేసేది?”

“ఉండనీరా. మీ అక్క తాడిచ్చి పంపింది.”

“అక్కకు బయపడేవాడివి కొండెందుకు ఎక్కినావు?”

బావ నవ్వి, బండి పట్టుకుని నిలబడ్డాడు. ముడి విప్పింది నేను. నాలుగో మలుపులో తీగ తెగింది.

అందరూ తెగిన తీగను చూశారు. తాడు నా జేబులో ఉంది. మూడు నెలలుగా చెల్లప్పను తిడుతుంటే వింటూ అన్నం తిన్నాను. నాకంటే పాపి లేడు.

రేపు అతని కొట్టు ముందు నలుగురూ వినేలా చెబుతాను. అంతకంటే ముందు నీకు చెప్పాలనిపించింది. తాడు పార్సెలులో పంపుతున్నాను. పీచు లేవకుండా దాని కొసన నువ్వు వేసిన చిన్న ముడి అలాగే ఉంది. అదొక్కటే నేను విప్పలేదు.

ఇట్లు,
ఇక తమ్ముడని పిలుస్తావో లేదో తెలియని
కేశవన్